బొమ్మ ఎంతదాకా పోవాలి

ఒక్క లైను. టైపు చేసి కూడా ఉంది, ఎంటర్ కొడితే చాలు. కొట్టకుండా ధరణి కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ చున్నీలో చుట్టుకుని కూర్చుంది. ఈ గదిలో ఏసీ మనుషుల కోసం కాదు, గోడ పక్క ఇనుప చట్రంలో పచ్చదీపాలు మిణుక్కుమంటూ ఆస్పత్రి కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్చి కోసం. దానికి వేడి తగలకూడదు, దాన్ని కాపలా కాసేవాళ్లకి జలుబు చేసినా ఫరవాలేదు. ఆస్పత్రి మొత్తంలో శవాల గది తర్వాత చల్లటి చోటు మనదే అక్కా అంటుంటాడు అష్రఫ్, ఆమె కింద పనిచేసే టెక్నీషియను. ఆ మాటకి ఎన్నిసార్లు నవ్విందో. ఇవాళ నవ్వు రాలేదు. పైన థియేటర్ల అంతస్తులో చిన్నమ్మ ఆకుపచ్చ గౌను వేసుకుని, గాజులు తీసేసి, పిలుపు కోసం చూస్తూ పడుకుని ఉంది. గంటలో ఆమెని బల్ల మీదికి ఎక్కిస్తారు. రొమ్ములో గడ్డ. మద్రాసు నుంచి వచ్చిన పెద్ద సర్జను కోస్తాడు, ఆయన చేతులు ఎట్లా కదులుతాయో దీపం పక్కన బిగించిన కెమెరా చూపిస్తుంది, ఆ బొమ్మ మేడమీది సెమినార్ హాల్లో తెర మీద పడుతుంది. హాల్లో కూచునేది డాక్టర్లు. అక్కడిదాకా అయితే సరే. ఆ ఒక్క మాట మీదే చిన్నమ్మని ఒప్పించింది తను. ఇప్పుడు అదే బొమ్మ అన్ని బిల్డింగులకీ పోవాలట.

డైరెక్టరు గిరిప్రసాద్ చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి సులువుగా ఉండేది. పొద్దున మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు, ఇస్త్రీ నలగని తెల్లకోటులో పెళ్లికొడుకులా వెలిగిపోతూ. "ఏమ్మా ధరణీ, అంతా రెడీనా? ఇవాళ సెమినార్ హాలొక్కటే కాదు, నర్సింగ్ కాలేజీ, లెక్చర్ బ్లాకు, హాస్టల్ కామన్ రూము, అన్నిటికీ ఇచ్చెయ్. ఇట్లాంటి చెయ్యి పిల్లలు మళ్లీ ఎప్పుడు చూస్తారు?" హాలు ఒక్కటే అనుకున్నాం కదా సార్ అని నసిగింది. "అనుకున్నాం. హాల్లో పట్టేది ఎంతమంది? స్విచ్చి కొనేటప్పుడు మల్టీకాస్ట్ రౌటింగ్ ఉండాల సార్, ఉండాల సార్ అని నా ప్రాణం తీసింది నువ్వే కదమ్మా. ఇన్నాళ్లకి దానికి పని దొరికింది." నిజమే, తీసింది. తను చెప్పిన పాఠం తనకే అప్పజెప్పి ఆయన మెట్లెక్కి పోయాడు. ఆ పేషెంటు మా చిన్నమ్మ సార్ అని అప్పుడైనా అనొచ్చు. అనలేదు. అష్రఫ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు, స్టాఫు తాలూకు మనిషిని దొడ్డిదారిన దూర్చారని ఎవరైనా గొణిగితే చిన్నమ్మ పేరు కొట్టేస్తారేమోనని భయం. మామూలు వరసలో ఉంటే పిలుపు ఎప్పుడొచ్చేదో, వరస కోసం గడ్డ ఆగుతుందా. పెద్ద సర్జను కోసి చూపించే ఈ వర్క్‌షాపులో బల్ల ఎక్కేవాళ్లకి మంచి చెయ్యి దొరుకుతుంది, వెంటనే దొరుకుతుంది, దానికి బదులు కెమెరా కింద పడుకోవాలి. అదీ బేరం. ఆ బేరం కుదిర్చింది తనే, ఇంట్లో, సంగటి ముద్ద కలుపుతూ, ఏదో చీర రంగు ఎంచినంత తేలిగ్గా మాట్లాడి.

స్విచ్చి కొన్నప్పుడు డైరెక్టరుకి పేపరు కట్టతో పోల్చి చెప్పింది. తిరుపతిలో అచ్చయిన పేపరు పల్లెలకి ఎట్లా పోతుంది సార్, ఇంటికొక జీపు పంపరు, ఊరంతటికీ మైకులో చదివి వినిపించరు, తెల్లవారి బస్సులో ఒక్క కట్ట వేస్తారు, స్టాపులో ఏజెంటు దాన్ని విప్పి చందా ఉన్న ఇళ్లకే పంచుతాడు, చందా లేని వీధిలోకి సైకిలు కూడా తిప్పడు. మల్టీకాస్టంటే అంతే. పంపేవాడు ఒక్కసారే పంపుతాడు, ఎవరు అడిగితే వాళ్ల వైపు మాత్రమే స్విచ్చి ఒక నకలు తీసి తోస్తుంది. ఆయన భలే భలే అని తల ఊపాడు. ట్రైనింగుకి వచ్చిన పిల్లలకి కూడా ఇదే చెబుతుంది, దాని తర్వాత వేలు చూపించి మరీ చెబుతుంది, ఒకే వీధిలో పంచుకునేదానికి రౌటింగ్ అక్కర్లేదు, వీధి దాటి ఇంకో వీధికి పోవాల్సినప్పుడే వాడాలి, అదీ అడిగేవాళ్లు ఎక్కువమంది ఉండి అందరూ ఒకే సమయంలో ఒకే బొమ్మ చూస్తున్నప్పుడే, లేకపోతే దాని జోలికి పోవద్దు. థియేటరూ సెమినార్ హాలూ ఒకే వీధి, ఒకే నెట్‌వర్కు. నర్సింగ్ కాలేజీ ఒక వీధి, లెక్చర్ బ్లాకు ఒకటి, హాస్టల్ ఇంకొకటి. ఈ లైను పడితే వీధుల మధ్య గేటు తీసినట్టు. ఇవాళ ఆ షరతులన్నీ కలిశాయి, పాఠం ప్రకారం వెంటనే ఎంటర్ కొట్టాలి. బొమ్మ ఎవరిదని మాత్రం ఆ పాఠంలో ఎక్కడా అడగలేదు.

అబద్ధం చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు, సగం నిజం. ఐసీయూ మానిటర్లూ ల్యాబు రిపోర్టులూ ఈ స్విచ్చి మీదే పోతాయి సార్, కొత్త పని పెట్టి దీని మీద బరువు వేస్తే అవి ఆగిపోవచ్చు, వద్దు సార్. అంటే చాలు. ఐసీయూ పేరు వింటే గిరిప్రసాద్ రెండో మాట మాట్లాడడు. తెలిసినవాళ్లు ఎవరూ లేరు, ఆస్పత్రిలో ఈ గది గురించి ఆమె ఏది చెబితే అదే వేదం. ఎంత సుఖం, ఎంత సిగ్గు. ఎందుకంటే బరువు పడదని ఆమెకి తెలుసు. పోయిన ఆదివారమే అన్ని వీధులకీ గేటు తీసి పరీక్ష చేసి చూసింది. ఎప్పుడైనా అవసరపడుతుందని, తనంతట తనే. థియేటర్ కెమెరాకి బదులు అష్రఫ్ తెచ్చిన పెళ్లి సీడీ పెట్టారు, వాళ్ల చెల్లెలు ఉమ్మే హబీబా నిఖా, పీలేరులో జరిగింది. సీడీ నడుస్తున్నంతసేపూ ఐసీయూ దీపం ఒక్కటీ కంగారు పడలేదు, ల్యాబు రిపోర్టు ఒక్కటీ ఆలస్యం కాలేదు, స్విచ్చి కులాసాగా మోసింది. ఇద్దరూ చేతులు దులుపుకుని టీకి పోయారు. మర్నాడు క్యాంటీన్లో హాస్టల్ కుర్రాడెవడో, "అన్నా, పెండ్లికూతురు మీ చెల్లెలంట కదా? నిన్న రూములో అందరం సూసినాం" అన్నాడు. ఎట్లా పసిగట్టారో, ఎవడు కనిపెట్టి ఎవడికి చెప్పాడో. అడిగినవాళ్లకి ఇవ్వడమే స్విచ్చి పని, ఎందుకు అడుగుతున్నావని అది అడగదు. అష్రఫ్ ప్లేటు అట్లాగే వదిలేసి లేచిపోయాడు. రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత కూడా ఆ సంగతి ఎత్తలేదు, ఆమే ఎత్తబోతే, "పోనీలే అక్కా, మూసిపెట్టుకున్న మొకం కాదులే" అన్నాడు. అంటూనే సీడీ బ్యాగులో లోపలికంటా తోసుకున్నాడు.

చిన్నమ్మ అట్లా పోనీలే అనే రకం కాదు. మునిలక్ష్మి అంటే చిత్తూరు గిరింపేటలో కుళాయి దగ్గర అందరికీ హడల్, నోరు అంత పదును, కొంగు అంత బిగువు. అమ్మ పోయాక, నాయన లారీ మీద వెళ్లి ఎప్పుడొస్తాడో తెలియని రోజుల్లో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు చెక్కి ధరణిని పెంచింది. తోతాపురి సీజనంతా ఆమె వేళ్ల సందులు సొనకి పొక్కి ఉండేవి, ముద్ద కలుపుకోలేక స్పూనుతో తినేది, దొరసానిలాగా తింటా ఉండాను సూడుమే అని తనే వెక్కిరించుకునేది. ఆ పొక్కుల చేతులతోనే నులకమంచం నిలబెట్టి, దానికి పాత చీర చుట్టి, ఇంటి వెనక స్నానానికి చోటు కట్టేది. తను చీకటితోనే లేచి పోసుకునేది, పిల్లని మాత్రం ఎండెక్కాక మంచం చాటున కూచోబెట్టి, తను ఇవతల కావలి నిలబడి, అటుగా కుక్క పోయినా రాయి విసిరేది. ధరణి పదో తరగతికి వచ్చేదాకా చిన్నమ్మ వీపు ఎట్లా ఉంటుందో చూసి ఎరగదు. ఒక్క గదిలో, ఒక్క చాప మీద పడుకుని కూడా. జాకెట్టు మార్చుకోవాలంటే దీపం తీసేసేది. కరెంటు పోయినప్పుడు మాత్రం, హమ్మయ్య అని గబగబా మార్చేసుకునేది.

ఆ మనిషి గడ్డని ఎన్ని నెలలు దాచిందో. చిత్తూరు నుంచి తిరుపతికి వస్తున్న బస్సులో, నిలబడేందుకే చోటు లేని జనంలో, ఎవరిదో సంచి ఎడమ పక్క తగిలితే చిన్నమ్మ అరవలేదు. ఆమె అరవకపోవడమే ధరణికి అనుమానం తెప్పించింది. సంచి తగిలితే సంచి వాడి ముత్తాత దాకా పోవలసిన మనిషి, పెదవి కొరుక్కుని, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కిటికీ వైపు మొహం తిప్పుకుంది. చంద్రగిరి వచ్చేదాకా ధరణి ఏమీ అడగలేదు. అడిగాక కూడా చెప్పలేదు. తిరుపతిలో దిగాక, ఆటోలో, డ్రైవరు వినకుండా, "ఏదో గుల్ల మాదిరి ఉండాదిలే, మామిడి సొన పడింటాది" అంది. మామిడి సొనట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చూపించమంటే చంపేసినా చూపించనంది. ఆడ డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి ఎన్ని తిప్పలు, ఎన్ని అలకలు, చివరికి గదిలోకి పోయి గొళ్లెం వేయమని, కిటికీ మూయమని, ధరణిని బయట నిలబడమని. అట్లాంటి మనిషికి కెమెరా మాట చెప్పింది తను. పెద్దాయన కోస్తాడు చిన్నమ్మా, ఆయన కోసిన వాళ్లకి మళ్లీ రాదంట, మేడమీద డాక్టర్లు కొందరు చూస్తారు అంతే, నేనే కదా ఆ బొమ్మ పంపించేది, నా చేతుల్లోనే ఉంటుంది. నా చేతుల్లోనే. ఆ మాట ఎంత ధీమాగా అంది.

ఇంకో సంగతి ఎంత తోసేసినా తోసుకువస్తోంది. ఇంతకుముందు రెండుసార్లు ఇట్లాంటి ఆపరేషన్ సెమినార్ హాల్లో చూపించారు. మొదటిసారి బొమ్మ మొదలైన కాసేపటికే ఆగిపోయింది, గిరిప్రసాద్ ఎగిరిపడ్డాడు. తప్పు ఏమిటంటే స్విచ్చి అప్పుడప్పుడూ, ఇంకా కావాలా, ఇంకా ఎవరైనా చూస్తున్నారా అని అడుగుతుండాలి, జవాబు వస్తేనే పంపిస్తుంది, ఆ అడిగేవాణ్ణి, అంటే స్విచ్చిలో ఇంకో లైనుని, పెట్టడం మరిచిపోయారు. అప్పటి పరీక్షలో ఎందుకు తెలియలేదయ్యా అంటే, పరీక్ష అని చెప్పి ఒక టీ తాగినంతసేపే చూశారు, బొమ్మ వస్తాందా, వస్తాంది, సరే పదండి. రెండోసారి అంతా సవ్యంగా సాగింది. పిత్తాశయం. ఎవరో మగమనిషి, పేరు తెలియదు, ఊరు తెలియదు, తెర నిండా ఆయన కడుపే. ధరణి ఇదే కుర్చీలో కూర్చుని, బొమ్మ తెగుతోందా, రంగు మారుతోందా అని చివరిదాకా కన్నార్పకుండా చూసింది. అదే ఆమె పని. మధ్యలో ఆకలేస్తే అష్రఫ్ బొరుగులు తెచ్చాడు, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి, పొట్లం విప్పుకుని ఇద్దరూ తిన్నారు. ఆయన కడుపు తెరిచి ఉంది, వీళ్లు బొరుగులు నములుతున్నారు. రంగు బాగొచ్చింది కదక్కా అన్నాడు అష్రఫ్. బాగొచ్చింది. ఆయన భార్యో కూతురో బయట బెంచీ మీద కూర్చుని ఉంటారనే ఊహ కూడా రాలేదు. ఇవాళ వస్తోంది. ఇవాళ హాస్టల్ కామన్ రూములో ఎవడో ఒకడు బొరుగుల పొట్లం విప్పుతాడు, విప్పనీ, వాడికేం తెలుసు, వాణ్ణి తిట్టే మొహమా నాది.

కూర్చుంటే తెగదని లేచింది. అబద్ధం చెప్పి గేటు మూసేసినా చిన్నమ్మ బదులు తనే తేల్చినట్టు, నోరు మూసుకుని తీసేసినా తనే తేల్చినట్టు. రెండూ ఒకటే దొంగతనం. అడగాలి. బల్ల ఎక్కబోయే మనిషిని ఇప్పుడు కదిలించకూడదని తెలుసు, గుండె దడ పెరుగుతుంది, మత్తు డాక్టరు తిడతాడు, అయినా అడగాలి. లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కింది. మెట్ల మీద ఫినాయిలు వాసన, మలుపులో ఎవరో పెద్దావిడ మొక్కుకి గుండు చేయించుకున్న నెత్తికి చందనం రాసుకుని కూర్చుని ఉంది, డాక్టరమ్మా మా వాణ్ణి యాడ పెట్టినారు అని అడిగింది, నేను డాక్టరు కాదమ్మా అంటూ దాటిపోయింది. అవును, డాక్టరు కాదు, నర్సు కాదు, పేషెంటు కాదు, ఈ మెట్ల మీద తన పేరేమిటో తనకే తెలియదు.

థియేటర్ బయటి గదిలో తెర వెనక చిన్నమ్మ ఒక్కతే ఉంది. ముక్కుపుడక ఊడి రాలేదేమో, దాని మీద తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించారు. నెత్తికి టోపీ. ఎప్పుడూ చూడనంత చిన్నగా ఉంది. "ఏమ్మే, యాడికి పోయినావు? కాఫీ తాగినావా?" అంది, మూలుగు లేకుండా, మామూలుగా. ధరణి తాగానంది. తాగలేదు. తర్వాత దాచుకోకుండా చెప్పేసింది, ముందు అనుకున్నట్టు కాదు చిన్నమ్మా, హాలొక్కటే కాదంట, అన్ని కాలేజీలకీ పంపమంటున్నారు, నువ్వు వద్దంటే నేను ఆపగలను, ఎవరికీ అనుమానం రాకుండా ఆపగలను. చిన్నమ్మ పైకప్పు వైపు చూస్తూ వింది. గోడ అవతల ఏదో స్టీలు పళ్లెం కింద పడింది.

"ఎంతమంది సూస్తారు?"

"తెలీదు. ఎవురు పెట్టుకుంటే వాళ్లు."

"మొగోళ్లా?"

"పిల్లకాయలు. డాక్టరు సదివేవాళ్లు. ఆడపిల్లలు, మొగపిల్లకాయలు, అందరూ."

"నా మొకం కనపడతాదా? పేరు సెప్తారా?"

"కనపడదు. సెప్పరు."

ధరణి ఆమె చెయ్యి పట్టుకుంది, వేళ్ల సందుల్లో పాత పొక్కుల మచ్చలు తగిలాయి. ఏమంటుంది, వద్దంటుందా, వద్దంటే బాగుండు, పరుగున పోయి ఆ లైను చెరిపేస్తాను, ఉద్యోగం పోతే పోనీ. "సూడనీలే," అంది చిన్నమ్మ. "మొకం తెలీనోళ్లకి అది నేనెట్ల అవుతాను? నేర్సుకోనీ. ఇంకొకామెకి బాగా కోస్తారు." ఆగి, తల ఇటు తిప్పింది. "నువ్వు యాడుంటావు?"

"కింద. బొమ్మ సరిగ్గా పోతా ఉండాదో లేదో సూసుకోవాల కదా."

"అంటే నువ్వు సూస్తావా?"

ఇంతసేపూ, ఈ గంటంతా, ధరణి నర్సింగ్ కాలేజీ గురించి, హాస్టల్ గురించి, ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ల గురించి కొట్టుకుంది, తన సంగతి ఒక్కసారి తట్టలేదు.

"నువ్వు సూడబాకమ్మా," అంది చిన్నమ్మ. "ఊరంతా సూసినా నాకేం కాదు. రేపు నువ్వు నాకి అన్నం పెట్టేటప్పుడు నీ కండ్లల్లో అది ఉంటాది. అది నేను తట్టుకోలేను. సూడనని సెప్పు."

చూడనంది. ఒట్టు వేయమంటే వేసింది. నర్సు వచ్చి టైమైందమ్మా అని తెర లాగింది, చక్రాల మంచం కదిలింది, చిన్నమ్మ ఇంకేదో అనబోయి, ఎదురుగా మగ అటెండరు కనపడగానే దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

కిందికి వచ్చేసరికి అష్రఫ్ గుమ్మంలో ఉన్నాడు. నువ్వు హాలుకి పో, బొమ్మ అక్కడ నువ్వు చూడు, తెగితే నాకు ఫోన్ చెయ్, ఇక్కడ నేను పెట్టుకోను అంది. ఎందుకని అతను అడగలేదు, తల ఊపి వెళ్లాడు. ధరణి కుర్చీలో కూర్చుని ఎంటర్ కొట్టింది. అంతే, ఏ చప్పుడూ రాలేదు, కింద ఇంకో ఖాళీ లైను వచ్చింది. పక్కనున్న రెండో మానిటరు, బొమ్మ కనపడవలసినది, వైరు పీకేసి గోడ వైపు తిప్పింది. బొమ్మ చూడకుండా కూడా పని చేయొచ్చు. స్విచ్చిని అడిగితే చెబుతుంది, ఏ వీధి నుంచి ఎవరు అడుగుతున్నారో, థియేటర్ నుంచి ఇప్పటిదాకా ఎంత బొమ్మ దాటిందో, ఒక అంకె. అడిగిన కొద్దీ ఆ అంకె పెరుగుతూ ఉంటుంది. మొదట హాలు వచ్చింది. తర్వాత లెక్చర్ బ్లాకు, నర్సింగ్ కాలేజీ, హాస్టల్, ఒకదాని కింద ఒకటి వరసగా వచ్చి కూర్చున్నాయి. అంకె కదిలింది. మొదలుపెట్టారన్నమాట.

మళ్లీ అడిగింది, పెరిగింది. మళ్లీ. చిన్నమ్మ ఊపిరి తీసుకున్నట్టే ఉంది, అంకె పెరిగితే ఆయన చేతులు కదులుతున్నట్టు, చేతులు కదిలితే అంతా సవ్యంగా జరుగుతున్నట్టు. ఎక్కడిదాకా వచ్చారో, వద్దు, ఊహించకు, ఊహించినా చూసినట్టే. వేరే ఏదైనా. ఫ్యాక్టరీ గేటు దగ్గర తొక్కల గుట్ట, దాని చుట్టూ ముసిరే ఆవులు, సాయంత్రం చిన్నమ్మ కొంగున దాచి తెచ్చే దెబ్బ తగిలిన కాయ, దాన్ని కోసి ఉప్పూ కారం అద్ది నా నోట్లో పెట్టి, ఎట్లుండాదే అని తను మింగినట్టు గుటకేసేది. ఇంటికి పోయాక ఎన్నాళ్లు మంచం పట్టాలో, నేనే స్నానం చేయించాలి కదా, కట్టు మార్చాలి కదా, అప్పుడు చూడనా, అప్పుడు ఏమంటుంది, దీపం తీసెయ్యమంటుంది, తీసేస్తాను, చీకట్లోనే మారుస్తాను, ఎంత కాలమైనా చీకట్లోనే. మళ్లీ అడిగింది. అంకె అంతే ఉంది.

వేలు తొందరపడి రెండుసార్లు నొక్కి ఉంటుంది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అడిగింది. అదే అంకె. ఇంకోసారి. అదే. వరసలో హాలు ఉంది, లెక్చర్ బ్లాకు ఉంది, నర్సింగ్ కాలేజీ, హాస్టల్, ఎవరూ లేచి పోలేదు, అందరూ ఇంకా కావాలి కావాలి అనే అంటున్నారు. పంపేవాడి దగ్గర నుంచి ఏమీ రావడం లేదు. థియేటర్లో కెమెరా పెట్టెని పలకరించి చూసింది. వెంటనే పలికింది. వైరు బాగుంది, పెట్టె బాగుంది, కరెంటు ఉంది. పెట్టె బతికుండి బొమ్మ రాలేదంటే ఎవరో చేత్తో ఆపారు. ఏ చెయ్యి. థియేటర్ సిస్టరుకి బొమ్మ ఆపే బటన్ చూపించింది తనే, మొన్న. బల్ల మీద ఏదైనా తేడా వస్తే, మిగతావన్నీ తర్వాత, ముందు ఇది నొక్కెయ్యండి సిస్టర్, బయటివాళ్లకి కనపడకూడదు అని ఇదే నోటితో చెప్పింది.

తిరగేసి ఉన్న మానిటరు వైపు చూసింది. పెట్టినా అందులో ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు. ఫోన్ మోగింది. గిరిప్రసాద్. "ధరణీ, బొమ్మ పోయింది. హాల్లో అందరూ నా మొహం చూస్తున్నారు. నీ స్విచ్చేనా?"

ఈ ప్రశ్న ఆయన ఎన్నిసార్లు అడిగాడో, ప్రతిసారీ ఎంత గుర్రుగా, ఎంత గర్వంగా జవాబు చెప్పేది, మా వైపు కాదు సార్, స్విచ్చి బాగానే ఉంది, మీ వాళ్లనే చూసుకోమనండి అని. "మా వైపే సార్," అంది. "మా వైపే అయి ఉంటుంది. చూస్తున్నాను సార్, ఒక్క నిమిషం."

ఫోన్ పెట్టేసి, పొద్దున్నుంచి తను పెట్టిన లైన్లన్నీ తెర మీదికి తెచ్చుకుంది. ఎక్కడో ఒక అంకె తప్పు కొట్టి ఉంటాను. ఒక వీధి పేరు మరిచిపోయి ఉంటాను. కావాలా కావాలా అని అడిగేవాణ్ణి మళ్లీ పెట్టలేదేమో. ఉన్నాడు, అడుగుతూనే ఉన్నాడు. దేవుడా, ఈ ఒక్కసారి తప్పు నాది చెయ్యి, ఉద్యోగంలోంచి తీసెయ్యనీ, గిరిప్రసాద్ అందరి ముందూ తిట్టనీ, వర్క్‌షాపు పాడుచేసింది ధరణి అని గోడల మీద రాయనీ. వేలు తెర మీద ఆనించి, చిన్నపిల్ల అక్షరాలు కూడబలుక్కున్నట్టు మొదటి లైను నుంచి చివరిదాకా చదివింది. పైకెళ్లి మళ్లీ చదివింది. పైన మెట్ల మీద ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు వినిపించింది, ఆమె తల ఎత్తలేదు, మూడోసారి మొదటి నుంచి మొదలుపెట్టింది. అన్ని లైన్లూ సరిగ్గానే ఉన్నాయి.